బయటికి దారి నేర్పని గురువు

సరుగుడు తోటకు ఇవతల, ఉప్పుటేరుకు అవతల ఒక దొడ్డి ఉండేది. మరీ పెద్దదేం కాదు. ఒక పశువుల పాక, ఒక గడ్డివాము, ఒక కోళ్ళగూడు, వాటి మధ్య నాలుగు మంచాలు పట్టేంత ఖాళీ జాగా. ఆ జాగాలో ఏడాదికొకసారి నాటకం ఆడేవాళ్ళు. ఎవరాడేవాళ్ళంటారా? ఇంకెవరు, దొడ్డిలో ఉన్నవాళ్ళే. ఎద్దు, కోళ్ళు, బాతులు, మేకలు. పద్యాల పిచ్చి తమకొక్కరికే ఉందని మనుషులు అనుకుంటారు. అనుకోనివ్వండి, మనకేం పోయింది.

కోతలై, కొత్త వాము వేశాక వచ్చే మొదటి సంతరోజే నాటకం రోజు. పొద్దున్నే ఇంటివాళ్ళంతా సంతకు పోయేవాళ్ళు. వాళ్ళ వెనక వీధి తలుపు పడగానే ఇక్కడ తెర లేచేది. వాళ్ళు సంచులు మోసుకుంటూ తిరిగొచ్చేసరికి మంగళం పాడేసి, ఎవరి చోట వాళ్ళు ఏమీ ఎరగనట్టు నెమరేస్తూనో, గింజలు ఏరుకుంటూనో ఉండేవాళ్ళు.

ఆడేది ఎప్పుడూ ఒకటే నాటకం, 'పావురాల యాత్ర'. తాతలనాటిది. గద్దలు తిరగని దేశానికి గుహలోంచి దారి ఉందని ఒక కపట గురువు తల్లిపావురాన్ని నమ్మిస్తాడు. తల్లి తన పిల్లల్ని ఒక్కొక్కరినే గుహలోకి పంపుతుంది. వాళ్ళ వెనక గురువూ వెళ్తాడు. కాసేపటికి మూతి తుడుచుకుంటూ ఒక్కడే బయటికొస్తాడు. అప్పుడు తల్లి గుండెలు బాదుకుని ఏడ్చి, పావురాలన్నిటినీ కూడగట్టి, ఆ గురువు గడ్డం పీకి అసలు రూపం బయటపెడుతుంది. చూసేవాళ్ళు ఏటా ఏడ్చేవాళ్ళు. ముక్కు చీది, ఎవర్నీ నమ్మే రోజులు కావమ్మా అనుకుంటూ పోయేవాళ్ళు. మర్నాటికి ఆ మాట ఒక్కరికీ గుర్తుండేది కాదు, అది వేరే సంగతి.

ఆ దొడ్డి నాటకానికొక కట్టుబాటుంది. పద్యమో ఘట్టమో బాగుందని చూసేవాళ్ళలో ఎవరైనా "వన్స్ మోర్" అన్నారంటే, మళ్ళీ మొదటినుంచి చేసి తీరాలి. గొంతు పోయినా సరే, పక్కన పిడుగు పడినా సరే. చెయ్యకుండా ఒక్కడుగు ముందుకేశాడా, ఆ జన్మలో వాడికి మళ్ళీ వేషం లేదు. వేషంలో ఉన్నవాళ్ళు మాత్రం ఆ కేక వెయ్యకూడదు. చూసేవాళ్ళే వెయ్యాలి.

చిక్కల్లా కపట గురువు వేషంతోనే. దాన్ని కట్టడానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్ళు కాదు. వేషం విప్పాక కూడా పిల్లలు చూసి జడుసుకుంటారని వాళ్ళ భయం. కిందటేడు ముసలెద్దు సాంబయ్యను బతిమాలి, బామాలి ఆ వేషం కట్టించారు. సాంబయ్య మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. పిల్లపావురాలు గుహ ముందుకొచ్చి నిలబడగానే అతనికి జాలి ముంచుకొచ్చి, పద్యం మధ్యలో ఆపేసి, "లోపలికి పోకండమ్మా, నేను మంచివాణ్ని కాదు" అనేశాడు. ఇంకేముంది, ఏడవాల్సిన చోట జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాటకం నడిపించే డేగరాజుకి తల కొట్టేసినట్టయింది. డేగరాజంటే ఆ దొడ్డి పుంజు. మంచి కంఠం, ఇంకాస్త మంచి తురాయి, రెండింటికీ మించిన గర్వం ఉన్నవాడు.

ఆ పరాభవం ఇంకా పచ్చిగా ఉండగానే, ఈ ఏడు కోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం జంబుకయ్య అనే నక్క దొడ్డి గేటు దగ్గరికి వచ్చాడు. గోడ దూకలేదు, కన్నం వెయ్యలేదు. గేటు బయట నిలబడి, లోపలికి రావచ్చునా అని అడిగాడు. నక్క వినయం అని ఊరికే అన్నారా పెద్దలు.

డేగరాజు మెడ ఈకలు నిక్కించి, నక్కకి ఇక్కడేం పనని గట్టిగానే అడిగాడు. జంబుకయ్య ఏమీ దాచలేదు.

"నేను నక్కనే నాయనా. మా తాతలు మీ తాతల్ని తిన్నమాట నిజం. అందుకే ముందే చెబుతున్నా, నన్ను నమ్మొద్దు. కాకపోతే మీ నాటకంలో కపటి వేషానికి దిక్కులేదని విన్నాను. ఆ వేషానికి నాకంటే తగినవాడు మీకు దొరుకుతాడా?"

అందరూ నవ్వారు. నవ్వడంతోనే సగం గేటు తెరుచుకుంది. "నన్ను నమ్మండి" అన్నవాణ్ని జనం పైకీ కిందికీ చూస్తారు. "నన్ను నమ్మొద్దు" అన్నవాడికి మాత్రం పీట వేసి మంచినీళ్ళిస్తారు. ఇదెక్కడి వింతో నాకిప్పటికీ అర్థం కాదు. మిగతా సగం గేటు అతను పద్యం ఎత్తుకోగానే తెరుచుకుంది. కపట గురువు పిల్లపావురాల్ని పిలిచే పద్యమది.

రండి చిన్నలార రాజమార్గమిదియె
నమ్మి వచ్చువారు నష్టపోరు
లోన నడుగుపెట్ట లోకభయములేదు
గురుని మాట మీకు గొడుగు కాదె

ఏమాటకామాటే చెప్పుకోవాలి, బాగా పాడాడు. చివర రాగం తీస్తుంటే మేకపోతు కొండయ్య నెమరేయడం ఆపేశాడు. పాట అయ్యాక జంబుకయ్య డేగరాజు వైపు తిరిగి, ఈ దొడ్డిలో తమరి కంఠముండగా నాదీ ఒక గొంతేనా, తమరు నేర్పితే నేర్చుకుంటాను అన్నాడు. డేగరాజు తురాయి అప్పుడు లేచింది లేచినట్టే ఉండిపోయింది. రెండు రోజులకల్లా నేర్చుకుంటానన్నవాడు మాస్టారయ్యాడు, నేర్పాల్సినవాడు శిష్యుడయ్యాడు.

వద్దన్నవాడు సాంబయ్య ఒక్కడే. నక్కకి నాటకమెందుకు, దాని బతుకే నాటకం కదా అన్నాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అందరూ అతని మీద విరుచుకుపడ్డారు. కిందటేడు నాటకాన్ని నవ్వులపాలు చేసినవాడివి, నీకు మాట్లాడే మొహం ఎక్కడుందని డేగరాజు అనేశాడు. ముసలెద్దు తోకతో ఈగలు తోలుకుంటూ పాకలోకి వెళ్ళిపోయాడు.

ప్రాక్టీసు రోజూ మధ్యాహ్నం, ఇంటివాళ్ళు కునుకు తీసే వేళ జరిగేది. మాస్టారి నడవడి గురించి వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఒక్క ఈక రాలలేదు. ఒకరోజు బాతుపిల్ల దారి తప్పి గేటు దాటిపోతే, తనే వెతికి మెడ పట్టి తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ప్రాక్టీసు మొదలయ్యేముందు రోజూ అందరికీ దణ్ణం పెట్టి, "నన్ను నమ్మొద్దు సుమండీ" అనేవాడు. రోజూ అందరూ నవ్వేవాళ్ళు. పదిరోజులు గడిచేసరికి పిల్లలు అతని తోకెక్కి ఆడుకునేదాకా వచ్చింది.

తల్లిపావురం వేషం చుక్కమ్మది. చుక్కల పెట్ట, డేగరాజు పెళ్ళాం. ఆమె ఏడుగురు పిల్లలే నాటకంలో పిల్లపావురాలు. చుక్కమ్మ మొదట్లో పిల్లల్ని రెక్కల కిందనుంచి కదలనిచ్చేది కాదు. కానీ రోజూ చూసి చూసి ఆమెకీ భయం పోయింది. తప్పు ఆమెదని ఎలా అంటాం? అలవాటైన పులి కూడా పిల్లిలాగే కనపడుతుంది.

మాస్టారు నాటకంలో ఒక్క మార్పు చేశాడు. ఇదివరకు గుహంటే రెండు కర్రల మీద వేలాడేసిన గోనెపట్టా. పిల్లలు దాని వెనక్కి వెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి, తల్లి వెనక నిలబడేవాళ్ళు. గోనెపట్టాని చూసి గుహ అని ఎవడు నమ్ముతాడని జంబుకయ్య అన్నాడు. గడ్డివాములో ఒక కన్నం తొలిస్తే చీకటిగా, లోతుగా, అచ్చం గుహలా ఉంటుందన్నాడు. తొలిచే పని కూడా తనే నెత్తినేసుకున్నాడు. రెండు రోజులు కష్టపడి, ఒంటినిండా గడ్డిపరకలతో బయటికొచ్చాడు. అందరూ శభాష్ అన్నారు.

నాటకానికి మూడు రోజులుందనగా, చుక్కమ్మ గూటి ముందు కూర్చుని పిల్లల ఆట చూస్తోంది. వాళ్ళు నాటకమే ఆడుకుంటున్నారు. ఆఖరుది, బుడ్డమ్మ, గరిక పోచ గడ్డంలా కరుచుకుని పద్యం పాడుతోంది. మిగతా ఆరుగురూ వరసగా గూట్లోకి దూరుతున్నారు. దూరిన తర్వాత లోపలే కూర్చుండిపోయారు. ఎంతసేపటికీ రాలేదు. చుక్కమ్మ నవ్వి, ఇక బయటికి రండర్రా, ఆట అయిపోయింది కదా అంది.

బుడ్డమ్మ గరికపోచ కింద పెట్టి అమాయకంగా చెప్పింది.

"బయటికి రావడం మాస్టారు ఇంకా చెప్పలేదమ్మా."

చుక్కమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగి ఒక్కొక్క రోజూ గుర్తు చేసుకుంది. లోపలికి పోవడం ఇరవైసార్లు నేర్పాడు. అడుగులో అడుగు, మెడ ఎంత వంచాలి, లోపల ఎక్కడ ఒదిగి కూర్చోవాలి, అన్నీ చెప్పాడు. బయటికి రావడం ఒక్కసారీ నేర్పలేదు, ప్రాక్టీసు కాగానే వెళ్ళిన కన్నంలోంచే వెనక్కి పిలిచేసేవాడు. ఇదివరకటి ఏళ్ళలో పిల్లలకి మొదట నేర్పేదే అది. చివర్న గురువు గడ్డం పీకే ఘట్టం కూడా, దానిదేముంది, ఆ రోజు చూసుకుందామని దాటేస్తూ వచ్చాడు.

మర్నాడు ప్రాక్టీసులో ఆమె ఏమీ ఎరగనట్టే అడిగింది.

"మాస్టారూ, పిల్లలు బయటికి రావడం ఎప్పుడు నేర్పుతారు?"

"నేర్పేదేముంది తల్లీ, లోపలికి పోయినవాళ్ళకి బయటికి రావడం దానంతటదే వస్తుంది," అని జంబుకయ్య నవ్వాడు. "నా మీద నమ్మకం లేదా ఏం?"

రోజూ నమ్మొద్దన్నవాడు మొదటిసారి నమ్మమన్నాడు. ఆ తేడా చుక్కమ్మ చెవిన పడింది. అయినా తల ఊపి, అదేం మాటండీ అని పక్కకి వచ్చేసింది.

సాయంత్రం మొగుడికి చెప్పింది. డేగరాజు మండిపడ్డాడు. అంతటి కళాకారుణ్ని పట్టుకుని ఆ మాట ఎలా అనబుద్ధయిందే నీకు అన్నాడు. నీకంత భయమైతే మానుకో, బాతమ్మ తన పిల్లల్ని పంపడానికి నెలరోజులనుంచీ కాచుకుని ఉంది అని కూడా అన్నాడు. అక్కడే చుక్కమ్మ నోరు కట్టుబడింది. తను తప్పుకుంటే తన పిల్లలు దక్కుతారు, బాతమ్మ పిల్లలు పోతారు. బాతమ్మతో చెబితే, వేషం మీద ఈర్ష్య అంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తన మాట నమ్మే మనిషి, అదే, నమ్మే ఎద్దు, ఒక్కడే మిగిలాడు. ఆమె పాకలోకి వెళ్ళి సాంబయ్యకి అంతా చెప్పుకుని ఏడ్చింది. సాంబయ్య నేను ముందే చెప్పలేదా అనలేదు. అనేవాడైతే అతను సాంబయ్యే కాదు. మెల్లగా లేచి, వాము వెనక్కి వెళ్ళి, గడ్డి ఒక నోటెడు తీసి నమిలాడు. ఇంకో నోటెడు తీశాడు. తర్వాత తల తిప్పి చూశాడు.

"చుక్కీ, ఇన్నేళ్ళుగా గడ్డి తింటున్నాను. వాములో గడ్డి బిగువుగా ఉంటుంది, లాగితేగానీ రాదు. ఇక్కడ లాగకుండానే వస్తోంది. ఎవరో లోపల్నుంచి తోడి, మళ్ళీ కుక్కారు."

ఇద్దరూ కలిసి ఆ వదులు గడ్డి కాస్త తప్పించారు. వెనకవైపుకి ఒక దారి ఉంది, సరిగ్గా నక్క పట్టేంత. దారి పక్కన మడిచి దాచిన గోనెసంచి ఉంది, మూతి కట్టడానికి తాడుతో సహా. పిల్లలకి చెప్పని బయటి దారి మాస్టారు తన మట్టుకు తాను చక్కగా తవ్వుకున్నాడు. అక్కణ్నుంచి గోడ దూకి నాలుగడుగులేస్తే సరుగుడు తోట. చుక్కమ్మకి అతని ఎత్తు మొత్తం అప్పుడు అర్థమైంది. పద్యం అవుతుంది, పిల్లలు లోపలికి పోతారు, వెనకే అతను పోతాడు. ఇక్కడ తను నా బిడ్డలో అని ఎంత గుండెలవిసేలా ఏడ్చినా జనం చప్పట్లు కొడతారు. నాటకంలో ఏడిచే తల్లిని ఎవరు ఓదార్చడానికి లేస్తారు?

సాంబయ్యకి కోపం వచ్చింది. ఇప్పుడే పోయి కొమ్ములతో గేటు బయటికి విసిరేస్తానన్నాడు. చుక్కమ్మ వద్దంది. ఇప్పుడు తరిమితే అందరూ మనల్నే తిడతారు మావా, అతను నవ్వుకుంటూ పోయి రేపు ఇంకో వేషంలో వస్తాడు, అప్పుడు కూడా వీళ్ళే గేటు తీస్తారు అంది. తప్పించిన గడ్డిని మళ్ళీ కన్నంలో కుక్కింది.

"అతని నాటకం అతన్ని ఆడనిద్దాం. బయటికి దారి మాత్రం నేను నేర్పుతాను నా పిల్లలకి."

ఆ రెండు రోజులూ తెల్లవారుజామునే ఆమె పిల్లలకి వాము వెనక పాఠం చెప్పింది. లోపలికి పోగానే ఆగొద్దు, నేరుగా వెనక్కి పోవాలి, సాంబయ్య మామయ్య పొట్ట కిందనుంచి బయటపడి పాకలోకి పరిగెత్తాలి. పాకలోకి చేరేదాకా కిక్కురుమనొద్దు. ఏడోది కూడా బయటపడగానే సాంబయ్య ఒక్కసారి అంబా అనాలి. అంతా బాగానే ఉంది కానీ, పద్యం నాలుగే పాదాలు. ఏడుగురు పిల్లలు ఆ చీకట్లో తడుముకుంటూ అటు తేలాలంటే ఆ వ్యవధి చాలదు.

అందుకని ఆమె మొగుడి దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఈసారి నిజం చెప్పలేదు. నిజం వినని చెవిలో ఏం పోసి ఏం లాభం? ఆ పద్యానికి నువ్వొక్కసారి వన్స్ మోర్ అంటే, మంగళానికి నువ్వు పాడేటప్పుడు మాస్టారు వేషం విప్పేసి వచ్చి నీకు రెండుసార్లు అంటాడట అని చెప్పింది. డేగరాజు ఆలోచించి, కళాకారుడికి కళాకారుడు ఆ మాత్రం మర్యాద చెయ్యాల్సిందేలే అన్నాడు. మొగుడికి అబద్ధం చెప్పానని ఆ రాత్రి చుక్కమ్మకి మనసు పీకింది. ఏడుగుర్నీ రెక్కల కింద సర్దుకున్నాక ఆ బాధ కాస్త తగ్గింది.

సంతరోజు వచ్చింది. వీధి తలుపు పడింది, తెర లేచింది. దొడ్డిలోవాళ్ళే కాదు, పక్క దొడ్లనుంచి కూడా జనం వచ్చి కూర్చున్నారు. డేగరాజు ముందుకొచ్చి కథ చెప్పి, వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. జంబుకయ్య కొబ్బరిపీచు గడ్డం కట్టి, కాషాయం గుడ్డ చుట్టుకుని ప్రవేశించాడు. అతన్ని చూడగానే పక్క దొడ్డి పెద్దలు కూడా దణ్ణం పెట్టబోయారు. సాంబయ్య ఎక్కడని ఎవరూ అడగలేదు. వాము వెనక గడ్డి తింటున్నాడు కాబోలు అనుకున్నారు. నిజంగా అతను చేస్తున్న పని అదే.

కపట గురువు తల్లిపావురానికి గద్దలు తిరగని దేశం గురించి చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, అంతా తెలిసిన చుక్కమ్మకి కూడా ఆ దేశం ఒకటి ఉంటే బాగుండుననిపించింది. తర్వాత పిల్లలు వరసగా వచ్చారు. అతను కళ్ళు మూసుకుని "రండి చిన్నలార" అని ఎత్తుకున్నాడు. పెద్దది లోపలికి పోయింది, రెండోది పోయింది. పద్యం అయ్యేసరికి బుడ్డమ్మ తోక కూడా గుహలోకి మాయమైంది. జంబుకయ్య గడ్డం సవరించుకుని గుహ వైపు కదిలాడు.

"వన్స్ మోర్!" అని కూశాడు డేగరాజు.

జంబుకయ్య ఎత్తిన కాలు అలాగే ఆగింది. ఒక్క క్షణం గుహ వైపు చూశాడు, ఒక్క క్షణం జనం వైపు చూశాడు. పోతే ఆ కట్టుబాటు తప్పినవాడవుతాడు, అందరూ లేస్తారు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. అతను పుట్టాక అతని నోట వచ్చినదాన్ని మళ్ళీ కావాలని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. నక్క కూస్తే రాళ్ళు వేసేవాళ్ళనే చూశాడు. మళ్ళీ వెనక్కొచ్చి, ఇంకాస్త రాగం తీసి, ఇంకాస్త బాగా పాడాడు.

పద్యం రెండోసారీ అయిపోయింది. సాంబయ్య అంబా అనలేదు. చుక్కమ్మ వాము వైపే చెవి రిక్కించింది. లోపల ఏం జరిగిందంటే, ఆరుగురు తల్లి చెప్పినట్టే బయటపడ్డారు. బుడ్డమ్మకి మాత్రం దారిలో ఒక వడ్లగింజ కనపడింది. దాన్ని వదిలేసి పోవడానికి దానికి మనసు రాలేదు. పిల్లలు పిల్లలే కదా.

జంబుకయ్య మళ్ళీ గుహ వైపు తిరిగాడు. డేగరాజు రెండోసారి అడిగే రకం కాదు. కొండయ్య కునుకు తీస్తున్నాడు. తను వేషంలో ఉంది, కేక వెయ్యకూడదు. చుక్కమ్మ ఒక్కడుగు ముందుకేసి, అతని దారికడ్డంగా మోకరిల్లి, నాటకంలో లేని మాట ఒకటి అంది.

"స్వామీ, కన్నబిడ్డల్ని మీ మాట మీద పంపిన తల్లిని. వాళ్ళు దూరమయ్యేదాకా ఆ మాట నా చెవిన పడుతూ ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఇంకొక్కసారి వినిపించండి."

ఆ మాటల్లో నటన రవ్వంత కూడా లేదు. జనంలో సగం మంది అప్పుడే కళ్ళు తుడుచుకున్నారు. ఇంతమంది ముందు తల్లిని తోసుకుని పోయే గురువు ఎక్కడుంటాడు? జంబుకయ్య ఆమె తలమీద చెయ్యి పెట్టి, మూడోసారి పాడాడు. చివరి పాదం దగ్గరికొచ్చి, గొడుగు అనే మాట మీద రాగం సాగదీస్తూ ఉన్నాడు. అప్పుడు వాము వెనకనుంచి వినపడింది.

"అంబా..."

చుక్కమ్మ లేచి దారిచ్చింది. జంబుకయ్య గుహలోకి వెళ్ళాడు.

లోపల పిల్లల్లేరు. గోనెసంచి లేదు. వెనక దారి ఉండాల్సిన చోట ఏదో వెచ్చగా, మెత్తగా, కొండంత ఉంది. ముట్టుకుని చూస్తే అది సాంబయ్య వీపు. ముసలెద్దు ఏడోదాన్ని బయటికి పంపి, ఆ కన్నానికి అడ్డంగా తాపీగా పడుకున్నాడు. నక్క ఎంత నెట్టినా, అతను నెమరేయడం కూడా ఆపలేదు.

జంబుకయ్య తెలివైనవాడు. నాటకంలో ఎలాగూ గురువు ఒక్కడే బయటికి రావాలి కదా, అలాగే మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. వంగి దణ్ణం పెట్టి, మెల్లగా గేటు వైపు జరగబోయాడు.

"ఆఖరి ఘట్టం మిగిలింది మాస్టారూ," అంది చుక్కమ్మ. "మీరు నేర్పలేదు కానీ, మాకు వచ్చు."

పావురాల వేషంలో ఉన్న పెట్టలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గడ్డం పోయింది, కాషాయం పోయింది. ముక్కుల పోట్లు చెవుల మీద, వీపు మీద, తోక మీద పడ్డాయి. నిజంగా పొడిచేది చుక్కమ్మ ఒక్కతే, మిగతావి నాటకం కోసం ఉత్తుత్తినే పొడుస్తున్నాయి. ఆ ఒక్కతే చాలింది. జంబుకయ్య పొర్లుతూ, "ఇది నాటకం కాదు, బాబోయ్, నన్ను నిజంగా చంపేస్తున్నారు, ఎవరైనా లేవండి" అని మొత్తుకున్నాడు.

ఎవరు లేస్తారు? ఎంత సహజంగా చేస్తున్నాడో చూడు అని పక్క దొడ్డి పెద్దలు మెచ్చుకున్నారు. ఆ గోలకి మేకపోతు కొండయ్యకి మెలకువ వచ్చింది. అతను నాటకమంతటిలో కళ్ళు తెరిచి చూసిన ఘట్టం ఇదొక్కటే. చాలా నచ్చింది.

"వన్స్ మోర్!" అన్నాడు కొండయ్య.

కట్టుబాటు కట్టుబాటే. మళ్ళీ మొదటినుంచి చేశారు. ఈసారి బాతులు కూడా కలిశాయి. ఎలాగో వదిలించుకుని, తోక వెంట్రుకలు సగం అక్కడే వదిలేసి జంబుకయ్య పరిగెత్తాడు. వచ్చేటప్పుడు గేటులోంచి వచ్చినవాడు పోయేటప్పుడు గోడ దూకి పోయాడు.

డేగరాజుకి ఏమీ అర్థం కాలేదు. తన మంగళానికి వన్స్ మోర్ అంటానన్న మనిషి అలా పోయాడేమిటని తెల్లబోయి చూశాడు. చుక్కమ్మ అతన్ని వాము వెనక్కి తీసుకుపోయి, కన్నం చూపించింది, గోనెసంచి చూపించింది, తాడు చూపించింది. పాకలోంచి ఏడుగురూ బయటికొచ్చారు. బుడ్డమ్మ నోట్లో ఇంకా ఆ వడ్లగింజ ఉంది. డేగరాజు తురాయి మెల్లగా వాలిపోయింది. తాడు రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి అన్నమాట ఇది.

"నన్ను నమ్మొద్దని రోజూ చెప్పాడు కదే."

"చెప్పాడు," అంది చుక్కమ్మ. "ఆ ఒక్కమాటే మనం నమ్మలేదు."

ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. డేగరాజు ఏడుగురు పిల్లల్నీ ఒకసారి చూసుకుని, సాంబయ్య దగ్గరికి వెళ్ళి తల వంచాడు. ఆ రోజు నోరు జారాను మావా అన్నాడు. మొత్తానికి నీకూ నటించడం వచ్చిందే, అంత పెద్ద నక్కని ఆడించావు అని కూడా అన్నాడు.

"నేనేం నటించలేదురా," అన్నాడు సాంబయ్య. "గడ్డి తిన్నాను. తర్వాత పడుకున్నాను."

ఆ ఏడు మంగళం డేగరాజు పాడలేదు, పిల్లల చేత పాడించాడు. వాళ్ళు మంగళంతో ఆగకుండా మాస్టారి పద్యం కూడా అందుకున్నారు. చివరి పాదం మాత్రం బుడ్డమ్మ మార్చేసింది. నేలమీద పడున్న తోక వెంట్రుకలు నెత్తిన పెట్టుకుని, "గురుని తోక మాకు గొడుగు కాదె" అని పాడుతుంటే చుక్కమ్మకి ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వొచ్చింది. ఇంటివాళ్ళు సంతనుంచి వచ్చేసరికి అంతా సద్దుమణిగింది. గడ్డివాముకి కన్నం ఎవరు పెట్టారో వాళ్ళకి ఇప్పటికీ తెలియదు.

నీతి: లోపలికి దారి చూపేవాడు బయటికి దారి చెప్పకపోతే, ఆ గడప తొక్కకు.